ఎదురు షాపు

బ్లాక్‌టౌన్
15 ఫిబ్రవరి 2004

చిరంజీవి శ్రీలేఖకి,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మీ బాబాయి పక్కనే నిలబడి ఆయన మొహమే చూస్తూ ఉన్నాను. "ఆఁ, ఊఁ, తిన్నావా" తప్ప ఆయన నోటినుంచి ఇంకేమీ రాలేదు. అంతసేపు మాట్లాడితే నాకు అందిన కబురు నువ్వు తిన్నావని. అందుకే నాకు ఉత్తరమే రాయి. చెవిలో మిషను పెట్టుకుని ఫోన్ ఎత్తితే ఈల వేస్తుంది తప్ప మనిషి గొంతు రాదు. షాపులో కంప్యూటరు ఉంది కానీ అందులో తెలుగు రాయడం మా ఇద్దరికీ రాదు.

నిన్ను అసిస్టెంట్ మేనేజర్ని చేశారని తెలిసి చాలా సంతోషించాను. మీ అమ్మకి గుడివాడ ఉత్తరం రాశాను, వీడియో షాపులో మేనేజరంటే తక్కువ పని అనుకోకు, నీ చెల్లెలు తొమ్మిదేళ్లుగా చేస్తున్నది అదే అని.

ఇక్కడ అంతా మామూలే. షాపు కొన్న రోజునుంచీ మీ బాబాయి బోర్డు మార్పిస్తానంటూనే ఉన్నారు. అది ఇంకా "టోనీస్ వీడియో" గానే ఉంది. మనకి అమ్మేసిన టోనీ మాల్టా వెళ్లిపోయి ఎన్నేళ్లయిందో. ఇప్పటికీ సగం మంది మీ బాబాయినే టోనీ అంటారు. ఆయన పలుకుతారు కూడా. నిన్న ఒకామె "టోనీ, నీ తెలుగు బాగుందే, ఎక్కడ నేర్చుకున్నావ్" అన్నట్టు ఏదో అడిగిందిట, మేమిద్దరం మాట్లాడుకుంటుంటే విని.

డీవీడీలు వచ్చాక నాకొక కొత్త సంగతి తెలిసింది. కింద అక్షరాలు వేసుకోవచ్చు. ఇన్నేళ్లుగా నేను అద్దెకిస్తున్న సినిమాల్లో వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో ఇప్పుడు తెలుస్తోంది. కొన్ని తెలియకపోతేనే బాగుండేది. పసిపిల్లలున్న ఇళ్లకి నేనే చేత్తో ఇచ్చాను.

మన షాపుకి ఎదురుగా ఫర్నిచర్ షాపు ఉండేది గుర్తుందా, అది మూసేశారు. అద్దాలకి లోపలినుంచి కాగితాలు అంటించి ఏదో పని చేస్తున్నారు. మందుల షాపు వస్తుందని బాబాయి అంటారు. పక్కన జుట్టు కత్తిరించే ఆవిడ జిమ్ అంటుంది. జిమ్ అయితే నీ పిన్ని చేరుతుంది.

తన్మయికి హైస్కూల్ మొదలైంది. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, అదీ ఫ్రిజ్‌లో తలపెట్టి. మొహం నా వైపు లేకపోతే నాకేం తెలుస్తుంది? బయటికొచ్చి చెప్పమంటాను. "నెవర్ మైండ్" అంటుంది. ఆ మాట మాత్రం దాని పెదాల మీద బాగా గుర్తుపడతాను.

వేళకి తిను.

మీ పిన్ని
కనకదుర్గ


క్రెయిగీబర్న్
3 మార్చి 2004

ప్రియమైన పిన్నికి,

నీ ఉత్తరం ఇంట్లో వాళ్లందరికీ చదివి వినిపించాను, టోనీ బాబాయి దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. మా షేర్ హౌస్‌లో ఉత్తరాలు వచ్చేది నా ఒక్కదానికే. మిగతా వాళ్లకి బిల్లులు వస్తాయి.

యూనివర్సిటీ చదువు అయిపోయాక ఏమవుతుందోనని డిసెంబర్ అంతా భయపడ్డాను కదా. ఇప్పుడు కంపెనీ వీసాకి స్పాన్సర్ చేస్తామంది. రాతపూర్వకంగా ఇంకా ఇవ్వలేదు, కానీ ఏరియా మేనేజర్ తనే చెప్పాడు. ఎకౌంట్స్ చదివి వీడియో షాపులో ఏంటని అమ్మ అనొచ్చు. స్టార్‌లేన్ అంటే మామూలు షాపు కాదు పిన్నీ. ఒక గోడంతా కొత్త సినిమాలే. ఒక్కో సినిమాకి నలభై, యాభై కాపీలు. శుక్రవారం సాయంత్రం వచ్చినా లేదనే మాట ఉండదు. లేకపోతే తర్వాతిసారి ఫ్రీ. మొదట్లో నాకూ అర్థం కాలేదు, అన్ని కాపీలు కొంటే ఎలా గిట్టుబాటు అవుతుందని. అసలు కొనరు. సినిమా కంపెనీలతో ముందే ఒప్పందం ఉంటుంది, కాపీలు దాదాపు ఊరికే ఇస్తారు, వచ్చిన అద్దెలో వాటా తీసుకుంటారు. సినిమా పాతబడ్డాక మిగిలినవి బుట్టలో పోసి అమ్మేస్తాం. నిజంగా తెలివైన పద్ధతి.

ఇంకో మంచి వార్త. మే నెలలో నన్ను మీ సిడ్నీకే పంపిస్తున్నారు. కొత్త స్టోర్ తెరవడానికి టీమ్ ఒకటి ఉంటుంది, అందులో నేనూ ఉన్నాను. షెల్ఫులు పెట్టడం, కొత్తవాళ్లకి ట్రైనింగ్, ఓపెనింగ్. నెలన్నర ఉంటాను. ఎక్కడనేది ఇంకా చెప్పలేదు. వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల అనుకుంటున్నారు. నీ చేతి పప్పుచారు తిని ఎన్నాళ్లయిందో.

బాబాయికి నమస్కారాలు. తన్మయికి హాయ్.

నీ
శ్రీలేఖ


బ్లాక్‌టౌన్
14 మార్చి 2004

శ్రీలేఖా,

వస్తున్నావని తెలిసినప్పటినుంచీ ఇల్లు సర్దుతున్నాను. తన్మయి తన గది నీకిస్తానంది. అడగ్గానే ఒప్పుకుందంటే నువ్వంటే దానికి ఎంత ఇష్టమో చూసుకో. హాల్లో పడుకుంటే టీవీ తన చేతిలో ఉంటుందని లెక్క కూడా ఉండి ఉంటుంది. వెస్ట్‌మీడ్ అయితే మనకి రైల్లో దగ్గరే. ఎక్కడైనా సరే మా ఇంటినుంచే వెళ్లిరావాలి.

నీ ఉత్తరం బాబాయి కూడా చదివారు. ఆ కాపీల సంగతి రాశావే, ఆ ముక్క రెండుసార్లు చదివారు. ఆయన ఒక్కో కొత్త సినిమాకి పూర్తి ధర కట్టి రెండో మూడో తెస్తారు, అవి తిరిగి తిరిగి డబ్బు రాబట్టేసరికి పాతబడిపోతాయి. "ఊరికే ఇస్తారా?" అని నన్ను అడిగారు, నాకేదో తెలిసినట్టు. మాలాంటి చిన్న షాపులకి కూడా ఆ ఒప్పందం ఇస్తారేమో కనుక్కుని రాయి.

ఎదురుగా కాగితాలు ఇంకా తీయలేదు.

పిన్ని


క్రెయిగీబర్న్
20 ఏప్రిల్ 2004

ప్రియమైన పిన్నికి,

జవాబు ఆలస్యమైంది, పని ఎక్కువగా ఉంది. ఇక్కడ అప్పుడే చలి మొదలైంది. నీ మోకాలు ఎలా ఉంది?

బాబాయి అడిగింది కనుక్కున్నాను. ఆ ఒప్పందం కొన్ని వందల స్టోర్లు ఉన్నవాళ్లకే ఇస్తారట. ఒక్క షాపుకి ఇవ్వరు.

సిడ్నీలో మా టీమ్ అందరికీ కలిపి కంపెనీ మోటెల్ బుక్ చేసింది. పని టైములు ఎలా ఉంటాయో తెలియదు, నావల్ల తన్మయికి ఇబ్బంది ఎందుకు? నేను మోటెల్లోనే ఉంటాలే. వీలు చూసుకుని ఒకరోజు వచ్చి కలుస్తాను.

ఏమీ అనుకోకు పిన్నీ.

శ్రీలేఖ


బ్లాక్‌టౌన్
2 మే 2004

శ్రీలేఖా,

బోర్డు పెట్టారు.

మంగళవారం పొద్దున మేం షాపు తీసేసరికి ఎదురుగా పొడుగు నిచ్చెన బండి ఒకటి నిలబడి ఉంది. నీలం బోర్డు, దాని మీద పసుపు నక్షత్రం. నువ్వు పంపిన ఫొటోలో నీ చొక్కా జేబు మీద ఉన్నదే. బాబాయి గుమ్మంలో నిలబడి వాళ్లు బిగించడం పూర్తయ్యేదాకా చూశారు. తర్వాత లోపలికి వచ్చి, జనం వాపసు వేసిన క్యాసెట్లు తీసి ఒక్కొక్కటీ రివైండ్ చేస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు అడిగారు.

"శ్రీలేఖ వచ్చేది ఈ షాపుకేనా?"

"అయ్యుంటుంది" అన్నాను.

"దానికి తెలుసా?"

"తెలిసే ఉంటుంది. మోటెల్లో ఉంటానని రాసింది కదా."

ఆయన కంచంలో వేలితో కాసేపు గీసి, "మోటెల్లో ఏం తింటుంది" అన్నారు.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. రాయబోతే అది నిజం కాదనిపించింది. కొంచెం ఉంది. ఒక్క మాట రాసి ఉంటే, బోర్డు చూసి తెలుసుకోవలసిన పని ఉండేది కాదు. కానీ నువ్వు చెప్పినా ఏమయ్యేది? ఆ షాపు నువ్వు రాకపోయినా వస్తుంది. నీ బదులు ఇంకెవరో వచ్చి షెల్ఫులు బిగిస్తారు, నీ వీసా పోతుంది. ఆ మాట నాకూ తెలుసు, బాబాయికీ తెలుసు.

అందుచేత మోటెల్ వద్దు. మా ఇంటికే రా. ఎదురుగా ఉన్న షాపులో పనిచేస్తూ ఎక్కడో పడుకున్నావని తెలిస్తే మీ అమ్మకి నేనేం చెప్పుకోను?

పిన్ని


క్రెయిగీబర్న్
11 జూలై 2004

ప్రియమైన పిన్నికి,

వచ్చి రెండు వారాలైంది. బయల్దేరేటప్పుడు నువ్వు కట్టిచ్చిన పచ్చడి అయిపోవచ్చింది కూడా. మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీతో చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నువ్వు నా మొహం చూస్తూ ఉంటే ఒక్కటీ చెప్పలేకపోయాను. నువ్వు పెదాలే కాదు, మొత్తం మొహం చదువుతావు. ఇప్పుడు నువ్వు ఎదురుగా లేవు కాబట్టి రాస్తున్నాను.

రోజూ పొద్దున మనం ముగ్గురం ఒకే కార్లో బయల్దేరేవాళ్లం. బాబాయి వెనక సందులో కారు పెట్టేవారు. నువ్వు తాళం తీయడానికి వెళ్లేదానివి. నేను రోడ్డు దాటేదాన్ని. ఒక్కరోజు కూడా మానకుండా, "బస్సు తిరిగే చోట చూసి దాటు" అని బాబాయి వెనకనుంచి చెప్పేవారు. అవతలికి వెళ్లాక నేను తిరిగి చూస్తే ఆయన ఇంకా అక్కడే ఉండేవారు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేదేమో.

కార్లో ఒకసారి మాత్రం అడిగారు, ఎన్ని కాపీలు వస్తున్నాయని. అలాంటివి బయట చెప్పకూడదని మాకు ఆర్డరు. నేను చెప్పేశాను. ఆయన "మంచిది" అన్నారు. ఏం మంచిదో.

మా మేనేజర్ ఒకతన్ని మీ షాపుకి పంపాడు, రేట్లు చూసి రమ్మని. కస్టమర్‌లా వెళ్లి చూసి రావాలి. అతను తిరిగొచ్చి, "అక్కడావిడ చాలా మంచిది. నాకు వినిపించదు, ఇటు తిరిగి మాట్లాడండి అని చెప్పి, రేట్ల కార్డు చేతికిచ్చింది, నడిచి వచ్చావని మంచినీళ్లు కూడా ఇచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, మామూలుగా. నేనూ నవ్వాను పిన్నీ. ఆ మనిషి మా పిన్ని అని వాళ్లకి చెప్పలేదు. ఆ కార్డు మా బ్యాక్ రూమ్‌లో గోడకి అంటించారు. నీ చేతిరాత.

ఓపెనింగ్ రోజు గురించి కూడా చెప్పాలి. బెలూన్లు, పాటలు, బయట బార్బెక్యూ పొయ్యి పెట్టి సాసేజీలు పంచాం. స్కూలు అయ్యాక తన్మయి ఫ్రెండ్స్‌తో వచ్చింది. నన్ను చూసి దగ్గరికొచ్చి, "అక్కా, యూ డిడ్‌న్ట్ సీ మీ, ఓకే?" అంది. నేను సరేనన్నాను. నీకు చెప్పకుండా ఉండాల్సింది, కానీ ఆ ఇంట్లో నేను దాచినవి ఎక్కువైపోయాయి. దాన్ని ఏమీ అనకు. పిల్లలందరూ వస్తే అది ఒక్కతీ బయట నిలబడగలదా?

నేనేం చెయ్యగలనో చెప్పు. ఉద్యోగం మానేస్తే ఇరవై ఎనిమిది రోజుల్లో దేశం వదిలి వెళ్లిపోవాలి అంటున్నారు. మానేసినా ఆ షాపు మూతపడదు.

నీ
శ్రీలేఖ


బ్లాక్‌టౌన్
19 సెప్టెంబర్ 2004

శ్రీలేఖా,

జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. కోపంతో కాదు. రాయడానికి మంచి కబురు ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను.

తన్మయి సంగతి నాకు ఆ రోజే తెలుసు. మన షాపు అద్దంలోంచి చూశాను. చెవులు పనిచేయవు గానీ కళ్లకేం ఢోకా లేదు. దాన్నేమీ అనలేదు. ఇంటికొచ్చాక అది నా వెనకాలే తిరిగింది, గిన్నెలు కడిగింది, అడక్కుండానే.

మీ బాబాయి ఊరుకునే మనిషి కాదు, నీకు తెలుసు. డిస్ట్రిబ్యూటర్ దగ్గరకంటే సూపర్‌మార్కెట్లో కొత్త డీవీడీ చవగ్గా దొరుకుతోందని కనిపెట్టారు. పొద్దున్నే వెళ్లి క్యూలో నిలబడి కొనుక్కొస్తారు. అయినా అయిదు కాపీలే. ఎదురుగా యాభై. జనం తలుపు తీసి "ఉందా?" అంటారు, లేదంటే అటే వెళ్లిపోతారు. రెండు తీసుకుంటే పాతది ఒకటి ఫ్రీ అన్నారు. పిల్లలకి చాక్లెట్ అన్నారు. ఎదురుగా వాళ్లు పాప్‌కార్న్ మొదలుపెట్టారు. ఒక లాయరు దగ్గరికి కూడా వెళ్లారు. వాళ్లు ఏ తప్పూ చేయడం లేదట. కస్టమర్‌కి మేలేగా, అన్నాడట ఆయన. ఆ మాట నిజమే కదా, మేలే.

ఇంకో సంగతి రాస్తాను, ఇది బాబాయికి చెప్పలేదు.

ఇన్నేళ్లూ మన షాపుకి వచ్చేవాళ్లు నాతో మాట్లాడాలంటే నా వైపు తిరిగి, తల ఎత్తి, నిదానంగా మాట్లాడేవాళ్లు. ఎవరూ నేర్పలేదు, వాళ్లే అలవాటు చేసుకున్నారు. ట్రక్ నడిపే ఒకాయన ఉన్నాడు, నా కోసమని మీసాలు కత్తిరించుకున్నాడు, పెదాలు కనబడటం లేదని నేనంటే. ఈ దేశంలో నేను చెవిటిదాన్నని నాకు గుర్తుకు రానిచోటు ఆ కౌంటర్ ఒక్కటే.

ఇప్పుడు వాళ్లు వస్తే నేల చూసి మాట్లాడుతున్నారు. అవతలి షాపుకి కూడా వెళ్తున్నారు కదా, సిగ్గు. నీలం సంచి కోటు లోపల దాచుకుని వస్తారు, మన దగ్గర ఏదో ఒకటి పాతది తీసుకుంటారు, నా మొహం చూడరు. తల దించుకుని ఏదో అంటారు. మంచి మాటే అయ్యుంటుంది. నాకు ఒక్క ముక్క అందదు. మళ్లీ చెప్పమని అడిగితే ఇంకా సిగ్గుపడి ఇంకా అటు తిరుగుతారు. ఆ ట్రక్కాయన అయితే నిన్న ఎదురు షాపులోంచి బయటికొస్తూ నన్ను చూసి, వెనక్కి తిరిగి మళ్లీ లోపలికే వెళ్లిపోయాడు.

వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి నాకు కారణం దొరకటం లేదు.

పిన్ని


క్రెయిగీబర్న్
7 నవంబర్ 2004

పిన్నీ,

ఇది చదివాక చింపేయి, ప్లీజ్.

నేను ఈ నెల అన్ని స్టోర్ల రేట్ల షీట్లు చూడాల్సి వచ్చింది. క్రిస్‌మస్ సెలవుల నుంచి మీ ఎదురు స్టోర్‌లో వారం రోజులకి అద్దెకిచ్చే వీక్లీ సినిమాలన్నీ ఒక్క డాలర్ చేస్తున్నారు. ఆ ఒక్క స్టోర్‌లోనే. ఎప్పటిదాకా అని అడిగితే, ఎదురుగా పోటీ ఉన్నంతకాలం అన్నాడు మా ఏరియా మేనేజర్. కొత్త ఊళ్లో ఎప్పుడూ చేసేదేనట. స్టోర్‌కి నష్టమొచ్చినా కంపెనీ భరిస్తుంది.

అందుకే చెబుతున్నాను, సెలవులకి కొత్త స్టాక్ కొనకండి. ఉన్నది ఇప్పుడే అమ్మేయండి. డిసెంబర్ దాటితే ఎవరూ కొనరు. షాపు అద్దె కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. బాబాయికి ఎలా చెబుతావో నీ ఇష్టం, నా పేరు చెప్పినా ఫరవాలేదు.

నేనొక పిచ్చి పని కూడా చేశాను. బ్లాక్‌టౌన్ స్టోర్‌లో నీకు పని ఇస్తారేమోనని అడిగాను. అందరికంటే నీకే సినిమాలు తెలుసు కదా అని. ఫోన్ ఎత్తాలి, చెవికి హెడ్‌సెట్ పెట్టుకోవాలి, కుదరదు అన్నారు. అడగకుండా ఉండాల్సింది.

శ్రీలేఖ


బ్లాక్‌టౌన్
13 ఫిబ్రవరి 2005

శ్రీలేఖా,

షాపు మూసేశాం. జనవరి ఆఖరి శనివారం.

నీ ఉత్తరం వచ్చినప్పుడే బాబాయికి చూపించాను. చింపేశాను, భయపడకు. ఆయన చదివి, "పాపం, దీన్ని ఇబ్బంది పెడుతున్నాం" అన్నారు. మర్నాడు పొద్దున్నే సూపర్‌మార్కెట్‌కి వెళ్లి సెలవులకి కొత్త సినిమాలు కొనుక్కొచ్చారు. నేను అడ్డుపడ్డాను. "కొనకపోతే ఇప్పుడే మూసేయాలి. కొంటే జనవరిలో మూసేయొచ్చు. తన్మయికి సెలవుల్లో ఎందుకు చెప్పడం" అన్నారు. అంతే. నువ్వు చెప్పడం వల్ల మాకు ముందే తెలిసింది, తెలిసి కూర్చున్నాం. నువ్వు చెప్పకుండా ఉండాల్సిందని అనడం లేదు.

డాలర్ బోర్డు పెట్టాక మన షాపుకి మనిషి రాలేదంటే నమ్ము. పక్కన జుట్టు కత్తిరించే ఆవిడ తప్ప. ఆవిడ రోజూ వచ్చి ఒక క్యాసెట్ తీసుకెళ్లేది. వాళ్లింట్లో ప్లేయర్ పాడైపోయి ఏడాదైందని తర్వాత తెలిసింది.

డీవీడీలు ఏదో ఒక రేటుకి పోయాయి. క్యాసెట్లు ఎవరూ ముట్టుకోలేదు. పాత వస్తువులు తీసుకునే చారిటీ షాపుకి తీసుకెళ్తే, మాకే నిండిపోయాయి, వద్దన్నారు. చివరికి బాబాయి వ్యాను మాట్లాడి చెత్త డంపుకి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. రివైండ్ చేసిన క్యాసెట్లు అన్నీ. పారేసేవాటిని కూడా ఆయన రివైండ్ చేశారని అక్కడ చూసుకున్నాను. ఇద్దరం చెరోవైపూ పట్టుకుని పెట్టెలు ఒంపాం.

మేం తాళం ఇచ్చేసిన వారానికే ఎదురుగా డాలర్ బోర్డు తీసేశారు. ఇప్పుడు వాళ్ల రేటు మన పాత రేటుకంటే ఎక్కువ. ఇక ఏం చేసినా అడిగేవాళ్లు లేరు.

బాబాయికి గోడౌన్‌లో పని దొరికింది, పెట్టెలు సర్దడం. ఆయన వయసుకి కష్టమే. అక్కడ పేరు బ్యాడ్జి ఇచ్చారు, ఆనంద్ అని. ఇన్నేళ్లకి నన్ను ఈ దేశంలో నా పేరుతో పిలుస్తున్నారు, అన్నారు నవ్వుతూ. నవ్వాలని నవ్వారు.

నేను ఇంట్లోనే. మొన్న తన్మయి తెచ్చిన సినిమా వాపసు ఇవ్వడానికి ఎదురు షాపుకి వెళ్లాను, మొదటిసారి. ఎంత వెలుతురో. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ చూస్తూ ఏదో అడిగింది. నాకు వినిపించదమ్మా, ఇటు చూడు అన్నాను. చూసింది, ఒక మాట అంది, మళ్లీ స్క్రీన్ వైపు తిరిగిపోయింది. వెనక క్యూ పెరిగింది. మంచి పిల్లే, చేతిలో పని అలాంటిది. సినిమా కౌంటర్ మీద పెట్టి వచ్చేశాను. ఆలస్యమైందని అడుగుతోందేమోనని ఇంటికి వచ్చేదాకా భయం.

నువ్వు బాగా తిను. వీసా సంగతి రాయి.

పిన్ని


క్రెయిగీబర్న్
6 మార్చి 2005

ప్రియమైన పిన్నికి,

వీసా వచ్చింది. గురువారం.

అమ్మకి ఫోన్ చేస్తే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, కానీ నీ ఉత్తరం నా బ్యాగ్‌లోనే ఉంది, దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఇంట్లో వాళ్లు కేక్ కోయించారు. ఫొటోలో నవ్వుతూనే ఉన్నాను.

దాంతోపాటే ఇంకొకటి వచ్చింది. నన్ను స్టోర్ మేనేజర్ని చేస్తున్నారు. బ్లాక్‌టౌన్‌లో.

నేను వద్దన్నాను పిన్నీ. వేరే ఎక్కడికైనా పంపమన్నాను, పెర్త్ అయినా వెళ్తానన్నాను. "బ్లాక్‌టౌన్ ఏరియా నీకు తెలుసు, ఇండియన్ ఫ్యామిలీలు పెరుగుతున్నాయి, నీకంటే ఎవరు బాగుంటారు" అన్నారు. కాదంటే సంతకం పెట్టిన కాగితమే గుర్తుచేస్తున్నారు. ఈ వీసా మీద రెండేళ్లు వాళ్ల దగ్గరే పనిచేయాలి, వాళ్లు చెప్పిన చోట. కారణం చెప్పేద్దామనుకున్నాను. మా పిన్నీ బాబాయిల షాపు అది అని. నోటిదాకా వచ్చింది. చెబితే నవంబర్‌లో నీకు రాసిన సంగతి కూడా బయటపడుతుందేమోనని భయమేసి ఊరుకున్నాను.

ఏప్రిల్ నాలుగున చేరాలి. ఇల్లు చూసుకోవాలి. నన్ను రావద్దంటే చెప్పు, ఏదో ఒకటి చేస్తాను. ఏం చేస్తానో తెలియదు.

బాబాయితో మాట్లాడాలనుంది. ఫోన్ చేస్తే "ఆఁ, ఊఁ, తిన్నావా" అంటారు, అదే చాలు. కానీ చేయలేకపోతున్నాను.

నీ
శ్రీలేఖ


బ్లాక్‌టౌన్
14 మార్చి 2005

చిరంజీవి శ్రీలేఖకి,

వీసా వచ్చినందుకు ముందు సంతోషం. పాయసం చేశాను. తన్మయి రెండు గిన్నెలు తాగి, "టెల్ అక్కా కంగ్రాట్స్" అంది, నా ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి. బాబాయి కూడా తిన్నారు. "స్థిరపడింది పిల్ల" అన్నారు. అది ఆయన మనసులోంచి వచ్చిన మాటే, నువ్వు అనుమానపడకు.

బ్లాక్‌టౌన్ సంగతి మర్నాడు చెప్పాను. ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నారు. తర్వాత, "బాగా చూసుకుంటుంది షాపుని. పని తెలిసిన పిల్ల" అన్నారు. పెరట్లోకి వెళ్లి తోటకూర మడికి నీళ్లు పెట్టారు. అంతకుముందు వర్షం పడింది.

నువ్వు రా. రావద్దని నేను అనలేను, అన్నా నీ చేతిలో ఏమీ లేదు. పెర్త్ వెళ్తానన్నావని తెలిశాక ఏడ్చాను.

కానీ ఈసారి మా ఇంట్లో ఉండొద్దు. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. పోయినసారి నేనే బలవంతపెట్టి పిలిచాను. అప్పుడు రోజూ పొద్దున నువ్వు రోడ్డు దాటుతుంటే మీ బాబాయి ఎంతసేపు నిలబడి చూసేవారో నువ్వు రాశావు. ఇప్పుడు ఆయనకి నిలబడటానికి ఇవతల మన షాపు లేదు. తెల్లారకుండా గోడౌన్‌కి వెళ్లిపోతారు. వచ్చేసరికి నువ్వు ఆ నీలం చొక్కాలో మా హాల్లో కూర్చుని ఉంటే, ఆయన ఏమీ అనరు. నిన్ను తిన్నావా అని అడుగుతారు. అది నేను చూడలేను. నా చేతనైన పనులన్నీ చేశాను, ఇదొక్కటీ నా చేత కాదు.

స్టేషన్‌కి అవతలి వైపు, మా వీధికి దూరంగా, ఒక తెలుగువాళ్ల ఇంట్లో గది ఖాళీగా ఉంది. ఆవిడ పేరు జయశ్రీ, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. వెళ్లి మాట్లాడాను. మంచి మనిషి, గది శుభ్రంగా ఉంది, కిటికీ ఉంది. నీ కోసం ఆపమన్నాను. పరుపు మన ఇంటినుంచి పంపిస్తాను.

ఆదివారాలు భోజనానికి మా ఇంటికి రావాలి. అది మానకూడదు. నువ్వు చేరాక వచ్చే మొదటి ఆదివారం మాత్రం రాకు. నాకు కాస్త టైము కావాలి. ఆ తర్వాతి ఆదివారం రా.

మీ పిన్ని
కనకదుర్గ